డిండోలి నుండి చీనా పేటకు

ఓడరేవు ఉన్న చోట పరదేశీయుల పేట ఒకటి వెలయడం చరిత్రలో మామూలు సంగతే. మన మచిలీపట్నంలో డచ్చివారి పేరు వలందపాలెంగాను, ఫ్రెంచివారి పేరు పరాసుపేటగాను నేటికీ నిలిచి ఉన్నాయి. ఇంగ్లీషుపాలెం సంగతి వేరే చెప్పనక్కరలేదు. నేను ఉద్యోగరీత్యా నివసిస్తున్న సూరత్ కూడా అటువంటి రేవే. మొగలాయీల కాలంలో మక్కా యాత్రికుల ఓడలు ఇక్కడి నుండే బయలుదేరేవి. ఇంగ్లీషువారు, డచ్చివారు, ఆర్మీనియన్లు ఇక్కడ కోఠీలు పెట్టుకున్నారు. తాపీ నది మొగ పూడుకుపోయి, బొంబాయి పెరిగిన తరువాత వారంతా వెళ్ళిపోయారు. కతార్‌గాం దారిలోని పాత శ్మశానవాటికలలో వారి సమాధులు మాత్రం మిగిలాయి. మలబారు మొక్కలపై పన్నెండు సంపుటాల మహాగ్రంథాన్ని వెలువరించిన వాన్ రేడె అనే డచ్చి అధికారి సమాధి వాటిలో ఒకటి. ఆయన 1691లో మరణించాడు.

సమాధులే కాక మనుషులు కూడా మిగిలిన పాత పరదేశి పేట మన రేవు పట్టణాలలో ఎక్కడ ఉన్నదంటే, ముందుగా చెప్పవలసినది కలకత్తాలోని చీనా పేట. గత శీతాకాలంలో ఎల్‌టీసీపై వెళ్ళినప్పుడు దానిని చూచి వచ్చాను. దక్షిణేశ్వరం, బేలూరు మఠం, విక్టోరియా స్మారక మందిరం అందరూ చూచేవే కనుక వాటి జోలికి పోను. ఆ నగరం పేరు 2001లో కోల్‌కతాగా మారినా, మన ఇళ్ళలో అలవాటైన కలకత్తా అనే మాటనే వాడుతున్నందుకు పాఠకులు మన్నింతురు గాక.

డిండోలి వారికెందుకీ కుతూహలం?

ఉధనా జంక్షనుకు తూర్పున, రైలు కట్టకు ఆవల ఉన్న డిండోలి 2006లో సూరత్ నగరపాలక సంస్థలో కలిసింది. అంతకు ముందు అది పొలాల నడుమ ఒక పల్లె. నేడు వీధికొక రాష్ట్రం. ఖాందేశ్ మరాఠీలు, ఉత్తరప్రదేశ్ వారు, బీహారీలు, ఒడియాలు, వారితో పాటు మనవారు. పక్కనే ఉన్న లింబాయత్, పర్వత్ పాటియాలతో కలిపి చూస్తే ఇక్కడ తెలంగాణ నుండి వచ్చిన పద్మశాలీ కుటుంబాలు చాలా ఉన్నాయి. నల్లగొండ, వరంగల్లు, కరీంనగరం జిల్లాలలో చేమగ్గం కూడు పెట్టలేని రోజులు వచ్చినప్పుడు ఆ కుటుంబాలలో కొన్ని షోలాపూరుకు, కొన్ని భీవండికి, కొన్ని సూరత్‌కు తరలిపోయాయి. చేమగ్గం విడిచినా నేత విడువలేదు. ఇక్కడ సాంచల మీద, అంటే మర మగ్గాల మీద, కృత్రిమ పట్టు చీరలు నేశారు. మార్కండేయ స్వామికి గుడి కట్టుకున్నారు. ఆశ్వయుజంలో బతుకమ్మ పేరుస్తారు. సూరత్ నగరపాలక సంస్థ గుజరాతీతో పాటు మరాఠీ, హిందీ, ఉర్దూ, ఒడియా, ఇంగ్లీషు, తెలుగు మాధ్యమాలలో బడులు నడుపుతుందన్న విషయం మన ప్రాంతపు పాఠకులలో చాలామందికి తెలియకపోవచ్చును.

ఇక్కడ స్థానికులు మమ్మల్ని అందరినీ కలిపి ‘పర్‌ప్రాంతీయులు’ అంటారు. అందులో తిట్టు లేదు, ఆదరణా లేదు. ఆ మాట వింటూ పాతికేళ్ళు గడిపిన వానికి, అదే మాట రెండు వందల ఏళ్ళుగా వింటున్న వారి పేట ఎట్లా ఉంటుందో చూడాలని ఉండడం సహజమే కదా.

మాతో వచ్చిన రెండవ కుటుంబం మా విభాగంలోని మిత్రునిది. ఆయన తండ్రిగారు సూరత్‌లో ముప్పది ఏళ్ళు సాంచ నడిపి విశ్రాంతి తీసుకుంటున్న పెద్దాయన, నల్లగొండ ప్రాంతీయులు. ఈ వ్యాసంలో నాలుగు మంచి మాటలు ఉంటే అవి ఆయనవే.

పంచదార మిల్లు పెట్టిన అచ్యూ

కలకత్తా చైనీయులు తమ మూలపురుషునిగా టాంగ్ అచ్యూ అనే వర్తకుని చెప్పుకుంటారు. వారన్ హేస్టింగ్స్ గవర్నరు జనరలుగా ఉన్న రోజులలో ఆయన బంగాళానికి వచ్చి, హుగ్లీ ఒడ్డున బజ్‌బజ్ సమీపంలో భూమి పొంది, చెరకు వేసి పంచదార మిల్లు పెట్టాడు. అందుకై చైనా నుండి కూలీలను రప్పించాడు. 1781లో ఆయన కంపెనీ ప్రభుత్వానికి ఒక ఫిర్యాదు చేశాడు. కలకత్తాలో ఉన్న చైనీయులు, వీరు ఓడల మీద నుండి దిగి పారిపోయినవారు, తన పనివాళ్ళను ఆశపెట్టి లాగుకొనిపోతున్నారన్నది ఆ ఫిర్యాదు సారాంశం. వలస చరిత్ర ఫిర్యాదుతో మొదలుకావడం విచిత్రమేమీ కాదు. మా సూరత్‌లోనూ ఒక షెడ్డు కారీగరును ఇంకొక షెడ్డు యజమాని లాగుకొనిపోయాడన్న తగవు వినని నెల ఉండదు.

అచ్యూ 1783 నాటికే కాలం చేశాడు. మిల్లు ఎక్కువ కాలం నిలువలేదు. ఊరికి మాత్రం అచీపూర్ అన్న పేరు నిలిచింది. నది ఒడ్డున గుర్రపు నాడా ఆకారంలో ఎర్రరంగు వేసిన ఆయన సమాధి, దానికి కొంత దూరంలో ఒక చిన్న గుడి ఉన్నాయి. చైనా వారి కొత్త సంవత్సరం తరువాత కలకత్తా చైనీయులు కుటుంబాలతో అక్కడికి వెళ్ళి మొక్కులు తీర్చుకుంటారు. గుడిలోని భూదేవతల జంటను చుట్టుపక్కల బెంగాలీలు ‘ఖుదా ఖుదీ’ అని పిలుచుకుంటారు.

హిందీ, బెంగాలీ భాషలలో పంచదారను చీనీ అనడానికి ఈ అచ్యూయే కారణమని కొందరు చెబుతారు. అది సరికాదు. ఆ మాట ఆయన కంటె ఎంతో పాతది. మన తెలుగు మాత్రం ఈ విషయంలో తక్కువ తిన్నదా? చీని చీనాంబరాలు అన్నామంటే అందులో చీనా పట్టు ఉన్నది. రాయలసీమలో బత్తాయిని చీనికాయ అంటారు. మనిషి రాకముందే సరుకు వచ్చి భాషలో స్థిరపడుతుంది కాబోలు.

తెల్లవారుజాము బజారు

అచ్యూ పనివాళ్ళు, ఓడలు దిగిన నావికులు, తరువాతి తరాలలో కరువులకు, యుద్ధాలకు తాళలేక వచ్చినవారు చేరిన చోటు మధ్య కలకత్తాలోని టిరెట్టా బజారు. ఆ పేరు కూడా ఒక పరదేశిదే. ఎడ్వార్డో టిరెట్టా వెనీసు వాడు. కంపెనీ కొలువులో వీధులు, భవనాల పర్యవేక్షణ చూసేవాడు. తాను కట్టించిన బజారును అప్పుల పాలై లాటరీలో పెట్టవలసి వచ్చింది. బజారు చేతులు మారింది, పేరు మాత్రం పోలేదు.

ఇక్కడికి వెళ్ళదలచినవారు తెల్లవారుజామునే లేవాలి. పొద్దార్ కోర్టు భవనం వెనుక, సన్ యట్‌సెన్ వీధి మొదట్లో ఆరు గంటలకే ఆవిరి పాత్రలు తెరుచుకుంటాయి. ఎనిమిది దాటితే అక్కడ కూరగాయల తట్టలు తప్ప మరేమీ కనిపించవు. ఆదివారం సందడి ఎక్కువ. మోమోలు, పూర్ణం కూరిన తెల్లని ఆవిరి రొట్టెలు, చేప ఉండల సూపు దొరుకుతాయి. శాకాహారులకు దొరికేది తక్కువ. నా శ్రీమతి టీతో సరిపెట్టుకున్నది. అమ్మేవారిలో చైనీయులు కొద్దిమందే. మిగిలినవారు ఆ వంట నేర్చుకున్న ఇతరులు.

“గింత పేరున్న బజారు గిదేనా సారూ?” అన్నారు పెద్దాయన. నాకూ కొంచెం నిరాశ కలిగిన మాట నిజమే. ఎర్ర లాంతర్లు, రంగుల తోరణాలు సినిమాలలో చూచినవారికి ఈ ఇరుకు సందు ఆనదు.

బండి దగ్గర సూపు తాగుతున్న ఒక చైనీయ వృద్ధురాలు మా మాటలు విని ఏ ఊరివారని హిందీలో అడిగింది. సూరత్ అన్నాము. మాట్లాడే భాష గుజరాతీలా లేదే అన్నది. తెలుగువారమని, పొట్టకూటికి సూరత్ చేరామని పెద్దాయన తన సూరత్ హిందీలో చెప్పారు. ఆమె నవ్వింది. “నేను ఈ సందులోనే పుట్టాను. మా నాన్న కూడా ఇక్కడే పుట్టాడు. అయినా ఎక్కడి నుండి వచ్చావని వారానికి ఒకరైనా అడుగుతారు,” అన్నది. ఆమె మనుమలు కెనడాలోని టొరాంటోలో ఉన్నారట. వారిని అక్కడివారు అదే ప్రశ్న అడిగితే ‘ఇండియా నుండి’ అని చెబుతారట.

నాలుగు తాలూకాల గుడి

ఈ పేటలో తప్పక చూడవలసినవి వారి దేవాలయాలు. వీటిని అందరూ ‘చర్చీలు’ అంటారు. క్రైస్తవంతో వీటికి సంబంధమేమీ లేదు. ఇంగ్లీషువారి కాలంలో పడిన పేరు అట్లాగే ఉండిపోయింది. 1905లో వెలసిన సీ ఇప్ చర్చి మేడ మీద క్వాన్ యిన్ అనే కరుణామూర్తి కొలువై ఉన్నది. మన బౌద్ధుల అవలోకితేశ్వరుడే చైనా చేరి స్త్రీమూర్తిగా మారిన రూపమిది. బ్లాక్‌బర్న్ సందులోని టూంగ్ ఆన్ చర్చిలో దైవం క్వాన్ తీ. సుమారు పద్దెనిమిది వందల ఏళ్ళ క్రితం జీవించిన సేనాపతి, మాట తప్పనివాడని పేరు పొంది దేవుడైనాడు. ఈ గుడి కిందనే ఒకప్పుడు నాన్‌కింగ్ అనే ప్రసిద్ధమైన భోజనశాల ఉండేది. కలకత్తా సంపన్నులు చైనా భోజనం రుచి మరిగినది అక్కడేనంటారు.

సీ ఇప్ అంటే నాలుగు తాలూకాలు అని అర్థం. దక్షిణ చైనాలో పక్కపక్కన ఉన్న నాలుగు తాలూకాల నుండి వచ్చినవారు కట్టుకున్న గుడి అది. ఇట్లాగే ఏ ప్రాంతం వారికి ఆ ప్రాంతం గుడి. దేవుడు మేడ మీద, సంఘం కింద. ఓడ దిగిన కొత్తవానికి మొదటి రాత్రి పడక అక్కడే. పని ఎక్కడ ఉన్నదో చెప్పేవారు అక్కడే. ఇంటికి ఉత్తరం, డబ్బు పంపే ఏర్పాటు అక్కడే. దిక్కులేక చనిపోతే పూడ్చిపెట్టే బాధ్యత కూడా ఆ సంఘానిదే. ఇది చెప్పగానే పెద్దాయనకు పేట మీద గౌరవం కలిగింది. “మా సంఘం సొంటిదే,” అన్నారు. తాను సూరత్‌లో దిగిన రాత్రి ఎవరి గదిలో పడుకున్నదీ, మరునాడు ఎవరు వెంటబెట్టుకుని షెడ్డుకు తీసుకుపోయినదీ పేర్లతో సహా చెప్పారు.

పీఠం ముందు వేలాడుతున్న కుట్టుపని పట్టుబట్ట అంచును ఆయన చేతితో తాకకుండా, వంగి చాలాసేపు చూచారు. “మా సాంచల మీద ఇది రాదు సారూ. ఇది చేతి పని,” అన్నారు. అప్పుడు ఆయనకు తంచోయి కథ చెప్పాను. మన ఆడవారు బనారసు తంచోయి చీర అని ముచ్చటపడి కొనే నేత పుట్టుక సూరత్‌కు సంబంధించినదే. పందొమ్మిదవ శతాబ్దంలో బొంబాయి పార్సీ ప్రముఖుడు సర్ జంషెట్‌జీ జీజీభాయ్ ముగ్గురు సూరత్ నేతగాళ్ళను చైనాకు పంపగా, వారు ఛోయి అనే గురువు వద్ద ఆ పని నేర్చి వచ్చారని సంప్రదాయ కథనం. ముగ్గురు కనుక ‘తన్’, గురువు పేరు ‘ఛోయి’. ఆ నేత సూరత్‌లో అంతరించి బనారసులో బతికింది.

ఏ ఊరివారికి ఆ వృత్తి ఉండేది. కాంటన్ ప్రాంతీయులు వడ్రంగులు, ఓడల పనివారు. హూపే వారు పళ్ళ వైద్యులు. హక్కాలు తోళ్ళ పనివారు, బెంటింక్ వీధి చెప్పుల అంగళ్ళు వారివి. మన పిల్లలకు హక్కా అంటే నూడుల్స్ పేరని మాత్రమే తెలుసు. అది ఒక జనం పేరు. ‘అతిథి కుటుంబాలు’ అని దాని అర్థం. చైనాలోనే ఒక ప్రాంతం నుండి మరొక ప్రాంతానికి వలస పోయి, శతాబ్దాలు గడిచినా అతిథులుగానే పిలువబడినవారు. స్వదేశంలోనే పర్‌ప్రాంతీయులన్నమాట. మనం వీధి బండ్ల వద్ద తినే మంచూరియా కూడా కలకత్తాలో పుట్టిన నెల్సన్ వాంగ్ అనే వంటవాడు 1975లో బొంబాయిలో కల్పించినదని చెబుతారు. మంచూరియాలో దానిని అడిగితే దొరకదు.

1962

ఒకప్పుడు కలకత్తాలో ఇరవై వేల మంది చైనీయులుండేవారని సాధారణంగా చెప్పే లెక్క. ఇప్పుడు రెండు వేలకు అటూ ఇటూ. పేట ఇంతగా చిక్కిపోవడానికి కారణాలు పలు ఉన్నా, మొదట చెప్పవలసినది 1962.

ఆ అక్టోబరులో చైనా సేనలు మన సరిహద్దు దాటి వచ్చినప్పుడు దేశమంతా కదిలింది. తెలుగునాట కూడా స్త్రీలు ఒంటిమీది బంగారాన్ని రక్షణ నిధికి సమర్పించారు. ఆ ఆవేశం న్యాయమైనదే. అదే సమయంలో మరొకటి జరిగింది. దాని గురించి మన పాఠ్యపుస్తకాలలో ఎప్పుడూ చదువుకోలేదు. శత్రుదేశపు పౌరులనే కాక, తల్లిదండ్రులో, తాత అవ్వలో ఎవరైనా ఒకప్పుడు ఆ దేశపు పౌరులై ఉంటే వారిని కూడా విదేశీయులుగా పరిగణించేలా ఆ ఏడు చట్టం వచ్చింది. నవంబరు నుండి అస్సాం, డార్జిలింగు, కలకత్తా ప్రాంతాల చైనీయులను సుమారు మూడు వేల మందిని నిర్బంధించి, రైళ్ళలో రాజస్థాన్‌లోని దేవ్‌లీ శిబిరానికి తరలించారు. వారిలో ముసలివారు, చంటిపిల్లలు, గర్భిణులు కూడా ఉన్నారు. తేయాకు తోటల మంచులో పెరిగినవారిని ఆ ఎడారి గాలిలో ఉంచారు. యుద్ధం నెల రోజులలో ముగిసింది. శిబిరంలోని చివరివారు బయటకు వచ్చినది 1967లో. కొందరిని ఓడలెక్కించి, వారిలో చాలామంది ఎన్నడూ చూడని చైనాకు పంపివేశారు. ఇళ్ళకు తిరిగి వచ్చినవారికి ఇళ్ళు లేవు, అంగళ్ళు లేవు. నిర్బంధానికి గురికాని వారు సైతం ఊరు దాటి వెళ్ళాలంటే పోలీసు అనుమతి తీసుకోవలసి వచ్చేది.

టిరెట్టా బజారు వృద్ధురాలిని దీని గురించి అడుగుదామనుకొని మానుకున్నాను. ఆమె తానుగా ఎత్తని సంగతిని సూపు గిన్నె మీద అడగడం మర్యాద కాదనిపించింది.

టాంగ్రా

నగరం తూర్పున ఉన్న టాంగ్రా రెండవ చీనా పేట. హక్కాలు సుమారు వంద ఏళ్ళ క్రితం అక్కడ తోళ్ళ శుద్ధి కర్మాగారాలు పెట్టారు. మన కులాల వారు అంటుకోని పని కనుక పోటీ ఉండేది కాదు. ఆ మురుగు గంగలో కలుస్తున్నందున కర్మాగారాలను బాన్‌తలాకు తరలించాలని 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆదేశించింది. కాలుష్యం దృష్ట్యా అది సరైన తీర్పే. అయితే ఆ పనితోనే ఆ పేట బతికింది. తరువాత చాలామంది షెడ్లను భోజనశాలలుగా మార్చుకున్నారు, ఇంకా చాలామంది టొరాంటో చేరారు. అక్కడి చీనా కాళీ గుడిలో అమ్మవారికి నూడుల్స్ నైవేద్యం పెడతారు. ఇది విని పిల్లలు పట్టుబట్టి తీసుకువెళ్ళారు.

గుడి కన్న నన్ను ఎక్కువసేపు నిలిపినది పేయ్ మే పాఠశాల. హక్కాలు తమ పిల్లలకు చైనా భాష నేర్పడానికి పెట్టుకున్న బడి అది. పిల్లలు లేక మూతబడింది. ఎవరూ మూయించలేదు. యుద్ధం వల్ల కాదు, కోర్టు వల్ల కాదు. మంచి ఉద్యోగం కావాలంటే ఇంగ్లీషు చదవాలి కనుక తల్లిదండ్రులు పిల్లలను వేరే బడులకు పంపారు, అంతే. ఆ నిర్ణయం తీసుకున్న తండ్రులలో ఏ ఒక్కరినీ తప్పు పట్టలేము. నా ఇద్దరు పిల్లలూ ఇంగ్లీషు బడిలోనే చదివారు.

మళ్ళీ డిండోలి

తిరుగు ప్రయాణంలో ఖరగ్‌పూర్ దగ్గర ప్లాట్‌ఫారం మీద తెలుగు మాటలు వినబడ్డాయి. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలంలో ఉత్తరాంధ్ర నుండి పనికి వచ్చి స్థిరపడినవారి సంతతి. పెద్దాయన కిటికీ వద్దకు జరిగి రైలు కదిలేదాకా వింటూ కూర్చున్నారు.

ఆ తరువాత ఆయనే 1994 సంగతి ఎత్తారు. ఆ సెప్టెంబరులో సూరత్‌లో ప్లేగు అన్న వార్త పుట్టగానే లక్షలాది జనం నగరం విడిచిపోయారు. ఆయన కూడా కుటుంబంతో స్వగ్రామం చేరితే, మూడు రోజులు ఊరి బయట బడిలో ఉంచి, తరువాత ఇంటికి రానిచ్చారట. “సూరత్‌ల పరాయోళ్ళం, మా ఊర్ల రోగం మోసుకొచ్చినోళ్ళం,” అన్నారు. దేవ్‌లీతో దానిని పోల్చరాదు. ఆయన కూడా పోల్చలేదు. చైనీయుల బడి సంగతే అడిగారు. “గా బడి ఎట్ల మూతబడ్డదో మంచిగ రాయుండ్రి సారూ. మనోళ్ళు సదవాలె.”

మా వీధిలో పదేళ్ళ లోపు తెలుగు పిల్లలు అందరూ తెలుగు మాట్లాడతారు. సగం గుజరాతీ, పావు హిందీ కలిసిన ఆ తెలుగు వినడానికి ముచ్చటగానే ఉంటుంది. చదవగలిగినవారు మాత్రం అరుదు. బతుకమ్మ పాటలను వారు హిందీ అక్షరాలలో వ్రాసుకొని పాడడం నేను చూచాను.

కలకత్తా నుండి వచ్చిన తరువాత మా కాలనీవారము కొందరం కలిసి ఆదివారం ఉదయం రెండు గంటలపాటు పిల్లలకు అక్షరాలు దిద్దించే ఏర్పాటు చేసుకున్నాము. చోటు మిత్రుని ఇంటి డాబా. పలకలు, పెద్ద బాలశిక్షలు ఊరి నుండి వచ్చే రాత్రి బస్సులో తెప్పించాము. గుణింతాలు పెద్దాయన చెబుతారు, వాచకం నా శ్రీమతి చూస్తుంది. మొదటి ఆదివారం పదకొండు మంది వచ్చారు. వారిలో ఇద్దరు మరాఠీ పిల్లలు, మా పక్కింటివారు. ‘ఋ’ దగ్గర అందరూ ఆగిపోతే, ఆ ఇద్దరిలో చిన్నది ముందుగా దిద్దింది.